ఒకే డిక్షనరీకి రెండు పేర్లు

మా చెల్లెలి మొగుడికి ఆస్పత్రిలో ఒక చాటు పేరు ఉండేది. "ఒక్క లైను" అనేవాళ్లం. ఏ పని చెప్పినా "దానికేముందండీ, ఒక్క లైను" అనడం అతని అలవాటు. ఆ పేరు పెట్టింది నేనే. సొంత మరిదికి అలాంటి పేరు పెట్టడం తప్పు కాదా అంటే, తప్పే. కానీ ఆ మనిషిని మీరు చూడలేదు.

చూస్తే మాత్రం బాగానే ఉంటాడు. ఇస్త్రీ నలగని చొక్కా. మాట్లాడే ముందు గొంతు సవరించుకోవడం, మాట్లాడాక ఎదుటివాళ్ల మొహాల్లో మెప్పు వెతుక్కోవడం. పెళ్లప్పుడు మా చెల్లెలు "ఆయనకి చాలా తెలుసక్కా" అంది. పన్నెండేళ్లుగా ఆ "చాలా" ఎప్పుడు బయటపడుతుందా అని చూస్తూనే ఉన్నాను. ఆదివారం వాళ్లింట్లో భోజనానికి కూర్చుంటే, గిన్నెలు చేతులు మారుతున్నంతసేపూ కంప్యూటర్ల భవిష్యత్తు గురించి ఉపన్యాసం. తను తినే కంచం మాత్రం తను ఎత్తడు.

అలాంటి మనిషి ఒక సోమవారం నేను పనిచేసే గదిలోకే వచ్చి కూర్చున్నాడు.

అప్పటికి పద్దెనిమిదేళ్లుగా నేను ఆ ఆస్పత్రి కంప్యూటరు గదిలో ఉన్నాను. రెండో అంతస్తు, ఎక్స్‌రే గదికి పక్కన. కిటికీ తెరిస్తే కింద లాండ్రీ నుంచి ఆవిరి లోపలికి కొడుతుంది, మూస్తే ఉడికిపోతాం. మా సూపరింటెండెంటు గారు ఏదో సదస్సులో మా మరిది ప్రసంగం విని ముచ్చటపడి, మూడు నెలలకి సలహాదారుగా తీసుకొచ్చారు. "మీ మరిదిగారట కదమ్మా, చెప్పనే లేదు!" అన్నారు నాతో. చెప్పడానికి అదేమైనా శుభవార్తా?

మా ముందున్న పని ఇది. ఆస్పత్రికి పాత భవనం, కొత్త భవనం రెండు ఉన్నాయి. రెండింటికీ వేరువేరు రోగుల జాబితాలు. అందులో అన్నిటికంటే ముఖ్యమైంది ఎవరికి ఏ మందు పడదు అనేది. మేం వాడే పైథాన్ అనే కంప్యూటరు భాషలో అలాంటి జాబితాని డిక్షనరీ అంటారు. రోగి నంబరు తాళంచెవి లాంటిది. అది పెట్టి తిప్పితే అతని వివరం బయటికొస్తుంది, "ఫలానా ఇంజెక్షను పడదు" అని. రెండు భవనాల డిక్షనరీలనీ కలిపి ఒక్కటి చెయ్యాలి. వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది. చిక్కంతా ఎక్కడంటే, కొత్త భవనంలో రోగిని చేర్చుకునే బల్ల దగ్గర రద్దీ ఎక్కువ. "మీకు ఏ మందైనా పడదా" అని అడిగే తీరిక లేక ఆ గడి ఖాళీగా వదిలేసేవాళ్లు. అదే మనిషికి పాత భవనం జాబితాలో వివరం నిక్షేపంగా ఉంటుంది. కలిపేటప్పుడు కొత్తదే నెగ్గాలి అని గుడ్డిగా చెబితే, ఆ ఖాళీ వచ్చి వివరం మీద కూర్చుంటుంది.

అందుకే అతను రాకముందే నేను మూడు వారాలు కూర్చుని, కంప్యూటరు చెయ్యాల్సిన పని చెప్పే నూట నలభై లైన్ల స్క్రిప్టు రాశాను. ఒక్కో నంబరూ తీసి, పాతదాంట్లో ఏముంది, కొత్తదాంట్లో ఏముంది అని పోల్చాలి. కొత్తది ఖాళీ అయితే పాతది ఉంచాలి. రెండింటిలోనూ వివరం ఉంటే రెండూ కలపాలి. ఒకదానికొకటి పొసగకపోతే విడిగా రాసి నర్సులకి పంపాలి. అందంగా ఏమీ ఉండదు. పని చేస్తుంది, అంతే.

మరిది వచ్చిన రెండో రోజు నా వెనక నిలబడి దాన్ని చదివాడు. మూడో రోజు సూపరింటెండెంటు గారి గదిలో, ఇద్దరు డాక్టర్ల ముందు, పెద్ద సిస్టరు ముందు, చిరునవ్వుతో అన్నాడు:

"వదినగారిది పాతకాలం చెయ్యి. దారం పెట్టి ఒక్కో కుట్టూ వేస్తారు. ఇది మిషను కుట్టే రోజులండీ. నూట నలభై లైన్లు ఎందుకు? నేను ఒక్క లైనులో చేసి చూపిస్తాను."

డాక్టర్లు నవ్వారు. సూపరింటెండెంటు గారు కూడా నవ్వారు. పెద్ద సిస్టరు మాత్రం నా వైపు చూసింది. ముప్ఫై ఏళ్ల నుంచి వార్డులు నడుపుతున్న మనిషి. జుట్టు నెరిసినా నడకలో వేగం తగ్గలేదు. నన్ను "అమ్మాయ్" అని పిలుస్తుంది. "నువ్వేమంటావమ్మాయ్?" అంది.

"ఆయనకే తెలియాలి," అన్నాను. నా గొంతులో ఎంత విషం ఉందో నాకే తెలిసింది.

తర్వాతి మంగళవారం పొద్దున పది గంటలకి ప్రదర్శన పెట్టారు. గోడ మీద తెర, వరసగా కుర్చీలు. మా మరిది తన స్క్రిప్టు చూపించాడు. నిజానికి అది ఒక్క లైను కాదు, నాలుగు. అది కూడా సరిగ్గా చెప్పడు. మొదటి లైనులో పాత భవనం డిక్షనరీకి ఇంకో పేరు పెట్టాడు, "ముందు" అని. "ఇది కాపీ అన్నమాట, మార్పుకి ముందు ఎలా ఉందో దాచుకున్నాను" అన్నాడు. రెండో లైనులో కొత్త భవనం వివరాలన్నీ పాతదాని మీద కుమ్మరించాడు. మూడో లైనులో, కలపడంలో ఎవరి వివరమైనా పోయిందేమో చూద్దామని, "ముందు" అన్నదాన్నీ ఇప్పుడున్నదాన్నీ పోల్చాడు. నాలుగో లైను ఫలితం చూపించింది.

తెర మీద పెద్ద అక్షరాలతో వచ్చింది: పోయిన వివరాలు సున్నా.

చప్పట్లు కొట్టారు.

మొదటి లైను చూడగానే నాకు విషయం అర్థమైపోయింది. అతను కాపీ తియ్యలేదు. అదే డిక్షనరీకి రెండో పేరు పెట్టాడంతే. ఇంట్లో చిన్నోడా అని పిలుస్తాం, ఆఫీసులో మేనేజరు గారూ అంటారు. అంతమాత్రాన ఇద్దరు మనుషులవుతారా? చిన్నోడికి జుట్టు కత్తిరిస్తే మేనేజరు గారికీ పోతుంది. ఈయన ఏం చేశాడు? చిన్నోడిని పట్టుకుని గుండు గీయించి, తర్వాత చిన్నోడినీ మేనేజరునీ పక్కపక్కన పెట్టి, "చూశారా, ఇద్దరికీ తేడా లేదు, ఒక్క వెంట్రుక పోలేదు" అన్నాడు. దానికి ఇద్దరు డాక్టర్లు, ఒక సూపరింటెండెంటు చప్పట్లు. పనిలో చేరిన మొదటి నెలలో నేర్చుకునే సంగతి అది. సదస్సుల్లో ప్రసంగాలు చేసే మనిషికి తెలియదు.

నేను నోరు తెరవొచ్చు. "ఆగండి, అది కాపీ కాదు" అంటే నాలుగు మాటలతో అయిపోయేది.

తెరవలేదు.

ఎందుకు తెరవలేదో అప్పుడే నాకు తెలుసు. వచ్చే సోమవారం సమీక్ష సమావేశం ఉంది. దానికి జిల్లా పెద్దలు వస్తారు. ఆ రోజు లేచి నిలబడి, అందరి ముందు తెర మీద ఆ ఖాళీలన్నీ ఒక్కొక్కటే చూపించి, ఇస్త్రీ చొక్కా చెమటతో తడిసేదాకా అతన్ని నిలబెట్టాలనుకున్నాను. ఈలోపు జరిగేదేముందిలే, ఆరు రోజులే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. మంచం దగ్గర కాగితం ఫైలు ఉంటుంది కదా అనీ చెప్పుకున్నాను. కాగితం ఫైళ్లు అంతకు ముందు నెలలోనే తీసేశారు. అది కూడా నాకు తెలుసు.

మధ్యాహ్నం అందరూ క్యాంటీన్‌కి వెళ్లినప్పుడు, అతను కలిపిన జాబితా ఇంకా వార్డుల్లోకి పోకముందే, పాత భవనం కంప్యూటర్లో ఇంకా చెక్కుచెదరకుండా ఉన్న డిక్షనరీని నిజంగా కాపీ చేసి నా కంప్యూటర్లో పెట్టుకున్నాను. మూడు గంటలకి కొత్త జాబితా అన్ని వార్డుల తెరల మీదికీ పోయింది. నేను టీ తాగుతూ చూశాను.

గురువారం మధ్యాహ్నం రెండు దాటాక పెద్ద సిస్టరు ఫోను చేసింది. ఆవిడ ఎప్పుడూ అంత నెమ్మదిగా మాట్లాడదు.

"అమ్మాయ్, నాలుగో వార్డులో ఒకాయనకి ఇంజెక్షను ఇచ్చారు. గొంతు మూసుకుపోయింది. ప్రస్తుతానికి గండం గడిచింది. ఆయనకి ఆ మందు పడదని మన దగ్గర రాసి ఉందని ఆయన భార్య గోల పెడుతోంది. తెర మీద ఏమీ లేదు. చూడు."

నంబరు చెప్పింది. కొత్త జాబితాలో చూశాను. ఖాళీ. నేను దాచిన కాపీలో చూశాను. ఆరేళ్ల కిందటి తేదీతో, మందు పేరుతో సహా ఉంది. నా నూట నలభై లైన్ల స్క్రిప్టు తీసి రెండు డిక్షనరీలనీ పోల్చాను. మొత్తం వెయ్యిన్ని మూడు వందల ఎనభై ఆరు మంది వివరాలు ఎగిరిపోయాయి. వాళ్లలో నలభై ఒక్కమంది ఆ నిమిషంలో వార్డుల్లో మంచాల మీద ఉన్నారు. ముందు ఆ నలభై ఒక్కమంది పేర్లూ మంచం నంబర్లూ ఫోనులో చదివాను. తర్వాత జాబితా సరిచేశాను. నలభై నిమిషాలు పట్టింది.

మా మరిది పక్క కుర్చీలోనే ఉన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా నోరు ఊరుకుంటుందా? "డేటా బాగాలేదు వదినా. ఖాళీలు పెట్టింది వాళ్లు. నా కోడులో తప్పు లేదు. పోల్చి కూడా చూపించాను కదా, తేడా రాలేదు" అన్నాడు.

"తేడా ఎలా వస్తుంది? దాన్ని దాంతోనే పోల్చావు."

"అంటే?"

అప్పటికీ అతనికి అర్థం కాలేదు. నిజంగానే. అంతకు ముందు క్షణంలో, తప్పు తెలిసీ బుకాయిస్తున్నాడనుకుని, కనీసం మోసగాడని ఒక మెట్టు పైన ఉంచాను.

సాయంత్రం సూపరింటెండెంటు గారు గదిలోకి వచ్చి నా భుజం తట్టారు. "నువ్వు లేకపోతే ఏమైపోయేదమ్మా" అన్నారు. పెద్ద సిస్టరు ఆయన వెనకే నిలబడి ఉంది. ఆయన వెళ్లాక అడిగింది.

"ఆ కాపీ ఎప్పుడు తీశావమ్మాయ్?"

"మంగళవారం."

"మంగళవారం ఎప్పుడు?"

"మధ్యాహ్నం."

"ఎందుకు తీశావు?"

"అలవాటు," అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, చేతి గడియారం చూసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున డ్యూటీ ఎక్కే ముందు నాలుగో వార్డుకి వెళ్లాను. ఎవరూ పిలవలేదు. ఆయన బస్సు డ్రైవరు, యాభై దాటి ఉంటాయి. కాలి మీద పుండు చీము పట్టి చేరాడు. దుప్పటి గుండెల దాకా కప్పుకుని కూర్చుని ఉన్నాడు. మొహం ఇంకా ఉబ్బి, కళ్లు సన్నటి గీతల్లా ఉన్నాయి. పక్కన స్టూలు మీద భార్య.

"మీరెవరు?" అన్నాడు బొంగురు గొంతుతో.

"కంప్యూటరు గదిలో పని చేస్తానండీ. ఆ జాబితా మాదే."

"ఆహా." నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "ఆ పిల్ల నర్సు సూది పట్టుకొస్తే చెప్పానమ్మా. నాకేదో మందు పడదు, పేరు గుర్తులేదు, మీ దగ్గర రాయించాను చూడమన్నాను. ఆ పిల్ల మంచిదే, చూసింది. ఏమీ లేదు బాబాయ్, వేరే ఆస్పత్రిలో రాయించారేమో అంది. సరే, చదువుకున్నవాళ్లు, మనకంటే వాళ్లకే తెలుస్తుందనుకుని చెయ్యి చాపాను."

భార్య మొహం తిప్పుకుంది.

"ఎవరు చేశారు ఈ పని?" అన్నాడు.

"మా మరిది. చెల్లెలి భర్త. ఆయన రాసిన స్క్రిప్టులో తప్పు ఉంది."

"మీకు తెలియదా?"

మెట్ల మీద వస్తూ ఏమేం చెప్పాలో అనుకుంటూ వచ్చాను. డేటా, ఖాళీలు, రద్దీ, మూడు వారాల నా కష్టం. ఉబ్బిన ఆ కళ్ల ముందు అవేవీ నోట్లోంచి రాలేదు.

"తెలుసు," అన్నాను. "మంగళవారమే తెలుసు. అతని పరువు సోమవారం అందరి ముందు తియ్యాలని ఊరుకున్నాను."

కోప్పడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"ముప్ఫై ఏళ్లు బస్సు నడిపానమ్మా," అన్నాడు. "డిపోలో నాకు గిట్టనివాడు ఒకడుండేవాడు. వాడంటే నాకు ఒళ్లు మంట. ఒకరోజు వాడి బస్సు చక్రం బోల్టులు వదులైపోవడం చూశాను. వాడి మొహం చూడ్డం ఇష్టం లేకపోయినా, బస్సు ముందు నిలబడి మరీ అరిచి చెప్పాను. ఎందుకంటారా? ఆ బస్సులో వాడొక్కడే ఉంటాడా?" దుప్పటి సర్దుకున్నాడు. "ఇంక వెళ్లండి. నాకు నిద్రొస్తోంది."

నిద్ర రావట్లేదని నాకు తెలుస్తూనే ఉంది. నేను కళ్ల ముందు ఉండటం ఆయనకి ఇష్టం లేదు.

అక్కణ్ణించి నేరుగా సూపరింటెండెంటు గారి గదికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. ముందు నమ్మలేదు. తర్వాత కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అతను తెలివితక్కువవాడు, సరే. నిన్నేమనాలి?" అన్నారు.

విచారణ రెండు వారాలు సాగింది. మరిది ఒప్పందం రద్దు చేశారు. నన్ను ఏడాది పాటు కొత్త భవనంలో రోగుల్ని చేర్చుకునే బల్ల దగ్గరికి పంపారు. తలుపు తెరిచినప్పుడల్లా వీపుకి చలి కొట్టే చోటు. డ్రైవరు పది రోజులకి నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు. నా బల్ల ముందునుంచే వెళ్లాడు, ఆగలేదు. పెద్ద సిస్టరు నాతో పని ఉంటే మాట్లాడుతుంది. "మేడమ్‌గారూ" అంటుంది. అమ్మాయ్ అన్న పిలుపు పోయింది.

మా చెల్లెలు ఒక్కసారే వచ్చింది. మా ఇంటి వంటగది గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండానే మాట్లాడింది.

"ఆయనకి రాదని నీకు పెళ్లి రోజు నుంచీ తెలుసు కదక్కా?"

"తెలుసు."

"నాకూ తెలుసు," అంది. "నేను కాపురం చేస్తున్నాను. ఇంట్లో బల్బు మార్చడం రాదని తెలిసి, స్టూలు నేను పట్టుకుంటాను. నువ్వు స్టూలు ఊగుతుంటే కుర్చీ వేసుకుని చూశావు."

"వాడు నన్ను అందరి ముందు..."

"అన్నాడు. నోటిదూల. నాకు చెప్పి ఉంటే ఇంటికొచ్చాక ఉతికి ఆరేసేదాన్ని." చెప్పులు వేసుకుంది. "ఆ పెద్దాయన పోయి ఉంటే మా ఆయన్ని జైల్లో పెట్టేవాళ్లు. నువ్వు మాత్రం కాపీ చూపించి మెప్పులు పొందేదానివి."

ఏడు నెలలు మాట్లాడలేదు. ఆదివారాలు నేను ఒక్కదాన్నే తిన్నాను. ఉపన్యాసం లేని భోజనం హాయిగా ఉంటుందనుకునేదాన్ని ఒకప్పుడు.

ఎనిమిదో నెలలో ఒక మధ్యాహ్నం, బల్ల ముందు వరస కాస్త పలచబడినప్పుడు ఫోను మోగింది. మరిది. ఎక్కడో పిల్లల టీకాల సంస్థలో ఉద్యోగం దొరికిందట. సిగ్గూ ఎగ్గూ ఏమీ లేకుండా, నిన్ననే కలిసి టీ తాగినట్టు మొదలుపెట్టాడు.

"వదినా, చిన్న సందేహం. రెండు ఊళ్ల టీకాల డిక్షనరీలు కలపాలి. కాపీ తియ్యాలంటే మీరు ఆ రోజు ఏదో అన్నారు కదా, దాన్ని దాంతోనే పోల్చావని. అదేంటో చెబుతారా? ఇక్కడ ఎవర్నీ అడగలేను, వీళ్లు నన్ను పెద్ద నిపుణుడనుకుంటున్నారు."

నాకు నవ్వొచ్చింది. ఎనిమిది నెలలు గడిచాయి. ఒక మనిషి గొంతు మూసుకుపోయింది. ఈయనకి అది ఇప్పటికీ సందేహమే. వీళ్లు నిపుణుడనుకుంటున్నారట! ఫోను పెట్టెయ్యాలనిపించింది. ఆ సంస్థవాళ్ల కళ్ల ముందు మళ్లీ బోర్లా పడితే చూడాలని ఒక్క క్షణం నోరూరింది కూడా. అబద్ధం చెప్పను.

"కాగితం తీసుకో," అన్నాను.

"గుర్తుంటుందిలే వదినా, చెప్పండి."

"నీకు గుర్తుండదు. తీసుకో."

కాగితం వెతికే చప్పుడు వినిపించింది. పేరు పెట్టడం వేరు, కాపీ తియ్యడం వేరు అని చెప్పాను. ఒక్కో బిడ్డ వివరం లోపల మళ్లీ ఒక జాబితా ఉంటే పైపై కాపీ చాలదని, లోపలిదాకా తియ్యాలని చెప్పాను. కొత్తది ఖాళీ అయితే ఏం చెయ్యాలో, రెండూ ఉండి పొసగకపోతే ఎవరికి పంపాలో చెప్పాను. అరగంట పట్టింది. నా ముందు వరసలో నలుగురు చేరారు. ముందున్న ఆవిడ చంకలో బిడ్డతో నన్ను కొరకొరా చూస్తోంది. చేత్తోనే దణ్ణం పెట్టి ఒక్క నిమిషం ఆగమన్నాను.

"రాసుకున్నావా?"

"రాశాను వదినా."

"చదువు."

చదివాడు. కొత్తది ఖాళీ అయితే పాతది తీసెయ్యాలని రాసుకున్నాడు.

"మళ్లీ రాయి," అన్నాను, "మళ్లీ చదువు."